నమ్మనివాడు వేసిన బొమ్మ

పాతలంక,
17 నవంబరు 2024

అక్కా,

నిన్న చీకటి పడకముందే చేరాను. కరకట్ట మీద బస్సు దిగేసరికి మరియదాసు బండితో సిద్ధంగా ఉన్నాడు. అక్కణ్ణించి రేవు దాకా బండి, ఆ తర్వాత పడవ. ఇతను అరటి పండిస్తాడు. వారానికి రెండుసార్లు గెలలు వ్యాన్‌లో వేసుకుని విజయవాడ మార్కెట్‌కి వస్తాడు. చర్చి సంఘం వాళ్ళు నాకు ఇతని ఇంట్లోనే ముందు గది ఇప్పించారు. భార్య పేరు బ్లెస్సీ. ఐదో నెల. మరియదాసు వాళ్ళమ్మ కూడా వీళ్ళ దగ్గరే ఉంటుంది. ముగ్గురూ నన్ను అల్లుడిలా చూస్తున్నారు, ఇబ్బందిగా ఉంది.

ఫోన్ ఎత్తితే రెండో నిమిషానికే అరుచుకుంటున్నాం, రాసుకుందాం అన్నది నువ్వే కదా. సరే, రాస్తున్నాను. మరియదాసు దీన్ని గవర్నర్‌పేటలో బావ షాపులో ఇస్తాడు. బావ విప్పి చదవడని ఆశ.

నేను బొమ్మ వెయ్యాల్సిన మందిరం గోడ మంచి గోడ. వరద నీళ్ళు ఛాతీ దాకా నిలిచాయట, పాత సున్నం అంతా పెచ్చులు రాలిపోతే కొత్తగా పూత పెట్టించారు. పేతురు నీళ్ళలో మునిగిపోతుంటే యేసు చెయ్యి అందించే బొమ్మ కావాలన్నారు. వీళ్ళూ మునిగారు, నేనూ మునిగాను. సింగ్‌నగర్‌లో నా బొమ్మలన్నీ బురదముద్దలైపోయాక మళ్ళీ కుంచె పట్టుకుంటానని అనుకోలేదు. ఈ పని నువ్వు చూసిపెట్టకపోతే పట్టుకునేవాణ్ణి కాదు. ఈ ఒక్కసారికి థాంక్స్ అంటున్నాను, మళ్ళీ అడక్కు.

ఒక్కటే అనుమానం. మీ విజయవాడ మందిరాన్నీ దీన్నీ నడిపే పాస్టర్ జాన్ పాల్ గారు నన్ను చూడగానే కావలించుకుని, "మీ అక్కయ్యగారు అన్నీ చెప్పారండీ" అన్నారు. నేను దేవుణ్ణి నమ్మననేది కూడా ఆ అన్నీలో ఉందనే అనుకుంటున్నాను. ఉందిగా?

జక్కయ్య


విజయవాడ,
1 డిసెంబరు 2024

చిన్నోడా,

నీకు గిట్టకపోయినా ప్రభువు పేరునే దీవిస్తున్నాను. అక్కని, ఆ హక్కు నాకుంది.

ఉత్తరం అందింది. మీ బావ విప్పలేదు గానీ, "మీ తమ్ముడు చేతిరాత కూడా బొమ్మలాగే వేస్తాడే" అని కవరు మీద అడ్రసు చూసి మురిసిపోయారు. క్రిస్టినాకి ఇంటర్ ప్రాక్టికల్స్ దగ్గరపడ్డాయి. అమ్మని జువాలజీ లెక్చరర్‌గా పెట్టుకుని కూడా బొద్దింక బొమ్మ వెయ్యడం రాదు దానికి. మేనమామ పోలిక రాలేదు.

ఆ పాస్టర్ గారి సంగతి పట్టించుకోకు. నువ్వు మంచి చిత్రకారుడివని, వరదలో సర్వం పోయిందని చెప్పాను. చెప్పాల్సింది చెప్పాను. మతం మాట నువ్వుగా ఎత్తకు. గోడ మీద బొమ్మ అంటేనే విగ్రహారాధన అని సణుగుతున్న పెద్దలు అక్కడ కొంతమంది ఉన్నారు. వాళ్ళతో వాదన పెట్టుకోకు.

నాతో పెట్టుకో కావాలంటే. వరద రాకముందు ఒకసారి అన్నావు గుర్తుందా, దేవుడు లేకపోతే కళకి నష్టమేమీ లేదని? ఎన్నాళ్ళనుంచో ఆ మాట నన్ను తొలుస్తోంది. కోవెలలు కట్టించింది ఎవరు? మన ఆడవాళ్ళు నాట్లు వేస్తూ పాడే కీర్తనలు ఎక్కణ్ణించి వచ్చాయి? తనకన్నా పెద్దదాని ముందు వంగినవాడే పెద్ద పని చేస్తాడు. నా పనీ అంతే. మైక్రోస్కోపు కింద కప్ప పిండం చీలడం చూస్తాను. ఒకటి రెండు, రెండు నాలుగు. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను, ప్రతిసారీ నోట్లోంచి ‘ప్రభువా’ అనే వస్తుంది. ఆయన ఆరు రోజుల్లో చేశాడో, కోట్ల ఏళ్ళు తీసుకున్నాడో ఆయన ఇష్టం. తొందరేముంది ఆయనకి? పని చూస్తే పనివాడి మీద ప్రేమ పుడుతుంది. అందుకే ఇంకా చూడాలనిపిస్తుంది. నాకు సైన్సు అంటే అదే.

నువ్వు దేనికీ వంగవు. అదే నా భయం. బాగా తిను.

అక్క


పాతలంక,
22 డిసెంబరు 2024

అక్కా,

నీ వాదన చదివి, పైనుంచి కింది దాకా బొగ్గుతో గీత గీసినంత పని చేశాను.

మొన్న రంగులు కొనడానికి విజయవాడ వచ్చి, తిరిగి వెళ్ళేటప్పుడు ఊరికే ఉండవల్లి దిగాను. నీకు తెలుసుగా, ఆ గుహలు మొదట్లో బౌద్ధ భిక్షువుల కోసం తొలిచారంటారు. తర్వాత పై అంతస్తులో విష్ణువు వచ్చి పడుకున్నాడు. ఆ కొండరాయికి ఏం తెలుసు చెప్పు? అమరావతిలో పాలరాయి మీద చెక్కిన మనుషుల్ని చూడు, ఇప్పటికీ ఊపిరి తీస్తున్నట్టుంటారు. సృష్టికర్త ఊసే ఎత్తని మతం వాళ్ళు చెక్కించారు అవి. చెక్కినవాడు సాయంత్రం ఇంటికెళ్ళి ఏ దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడో, అసలు పెట్టుకున్నాడో లేదో ఎవడికి తెలుసు? వాడి కన్ను బాగుంది, చెయ్యి బాగుంది. నాకు అది చాలు.

వంగడం అంటావా, నేనూ వంగుతాను. ఎదురుగా ఉన్నదానికి. ఏటి నీళ్ళు సాయంత్రం ఏ రంగులో ఉంటాయో చూడటానికి రేవులో గంటలు గంటలు కూర్చుంటున్నాను.

ఇక్కడి వాళ్ళ తీరే అర్థం కావడం లేదు. అన్నం ముందు నన్నే ప్రార్థన చెయ్యమంటారు. తల వంచుకుని ఊరుకుంటే, "అన్నయ్యగారిది మౌన ప్రార్థన" అంటుంది బ్లెస్సీ. మరియదాసు వాళ్ళమ్మ నిన్న నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. బొమ్మలేసేవాళ్ళకి ఈ మధ్య ఇంత మర్యాద పెరిగిందా?

పేతురు వచ్చేశాడు. మునిగేవాడి మొహానికి నాకు అద్దం అక్కర్లేదు. రెండోవాడే రావడం లేదు. వరదలో డాబా మీంచి నన్ను దింపి లారీ ట్యూబు మీద రోడ్డు దాకా తోసుకొచ్చినవాడి మొహం గుర్తు చేసుకుందామని చూస్తున్నాను. మొహం గుర్తు లేదు. పేరు అడగలేదు. ఎటు మొక్కేవాడో తెలియదు. వాడి పట్టు మాత్రం గుర్తుంది, మణికట్టు దగ్గర ఎంత నొప్పి పుట్టిందో.

క్రిస్టినాకి బొద్దింక వేసి పంపుతున్నాను. దాన్ని చూసి వెయ్యమను, రికార్డులో అంటించొద్దను.

జక్కి


విజయవాడ,
30 డిసెంబరు 2024

జక్కీ,

మరియదాసు వ్యాన్ బయల్దేరుతోంది, రెండు ముక్కలే రాస్తున్నాను. కేకు, అరిసెలు పంపాను. బ్లెస్సీకి వేరే పొట్లం కట్టాను, అందులోది నువ్వు తినకు. ఆ పిల్లకి కాళ్ళు వాస్తున్నాయని మరియదాసు ఏదో అన్నాడు. ఉప్పు తగ్గించమను, అవనిగడ్డలో ఒకసారి చూపించమను.

మొన్న యువజన కూటంలో నేను మాట్లాడాల్సి వచ్చింది. గొంతు పోయింది. దాని గురించి ఎప్పుడైనా తీరిగ్గా చెబుతాను.

ఉండవల్లి గురించి నువ్వు రాసింది బాగుంది. ఒప్పుకోను గానీ బాగుంది. యేసు మొహం రాకపోతే ప్రార్థన చెయ్యమని చెప్పను, భయపడకు.

అక్క


పాతలంక,
19 జనవరి 2025

ఎలిజబెత్ గారికి,

అక్కా అని రాయబుద్ధి కావడం లేదు.

నిన్న మరియదాసు ఫోన్ తెచ్చి చూపించాడు. "మీ అక్కయ్యగారు భలే చెప్పారండీ, డార్విన్‌ని ఉతికి ఆరేశారు" అన్నాడు. యువజన కూటం. నీ వెనక బ్యానరు, కోతి బొమ్మ మీద ఎర్ర ఇంటూ గుర్తు. నువ్వు పట్టుచీర కట్టుకుని మైకు పట్టుకుని, "ఇరవై ఏళ్ళుగా ఈ పాఠం చెబుతున్నదాన్ని కాబట్టి అధికారంతో చెబుతున్నాను, పరిణామ సిద్ధాంతానికి ఒక్క ఆధారం కూడా లేదు" అంటున్నావు. పిల్లలు చప్పట్లు కొడుతున్నారు. వాళ్ళలో సగంమంది రేపు నీ క్లాసుకే వస్తారు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు నువ్వు డిగ్రీ చదివేదానివి. రికార్డులో బొమ్మలు నాచేత వేయించేదానివి. గబ్బిలం రెక్క, తిమింగలం తెడ్డు, మనిషి చెయ్యి, మూడూ ఒకే వరుసలో వేయించి, "చూడరా, అన్నిట్లోనూ అవే ఎముకలు, మనందరం చుట్టాలం" అన్నావు. ఆ రాత్రంతా నా అరచెయ్యి తిప్పి తిప్పి చూసుకున్నాను. నేను బొమ్మలవాణ్ణయింది ఆ రోజే. నాకు కళ నేర్పింది నీ సైన్సు. దాన్ని నువ్వు మైకులో చంపేశావు. తెలియక కాదు. తెలిసి.

అది ఒకటి. రెండోది, నిన్ను పిలిచే ముందు పాస్టర్ గారు అన్న మాట: "ఈ సహోదరి తమ్ముడు ఒకప్పుడు నాస్తికుడు. వరదలో డాబా మీద ప్రభువుని కళ్ళారా చూశాడు, మారుమనస్సు పొందాడు, ఇప్పుడు మన పాతలంక మందిరంలో సేవ చేస్తున్నాడు." పక్కన నువ్వున్నావు. తల ఊపావు. రెండుసార్లు వెనక్కి తిప్పి చూశాను. ఊపావు.

ఇన్నాళ్ళూ ఆ ముసలమ్మ నా చేతులు ఎందుకు కళ్ళకద్దుకుంటోందో ఇప్పుడు తెలిసింది. నన్ను వీళ్ళకి దొంగ సరుకులా అంటగట్టావు. నువ్వొచ్చి వీళ్ళకి నిజం చెబితే తప్ప...

ఏం రాయాలో తెలియడం లేదు.

జక్కయ్య


విజయవాడ,
27 జనవరి 2025

చిన్నోడా,

గారు అని రాశావు. నా పెళ్ళిలో కూడా నన్ను గారు అని పిలవని వాడివి.

విను. వరద తర్వాత నిన్ను మా ఇంటికి తెచ్చాక నువ్వు ఎలా ఉన్నావో నీకు గుర్తు లేదు. గోడ వైపు తిరిగి పడుకునేవాడివి. కంచం పెడితే పెట్టినట్టే ఉండేది. ఒకరోజు క్రిస్టినా వచ్చి, "అమ్మా, మావయ్య గదిలో ఫ్యానుకేసి చూస్తున్నాడు" అంది. ఆ పిల్ల మామూలుగానే అంది. మీ బావ ఆ రోజే ఫ్యాను విప్పించేశారు, రిపేరు అని నీకు చెప్పాం.

నీకు పని కావాలి. మందూ మాటలూ పనిచెయ్యవు నీకు, గోడ కావాలి. పాస్టర్ గారిని అడిగాను. "నమ్మనివాడి చేతికి దేవుని మందిరం ఎలా ఇస్తామమ్మా, పెద్దలు ఒప్పుకోరు" అన్నారు. "మారాడండీ" అన్నాను. నోట్లోంచి వచ్చేసింది. డాబా మీద ప్రభువుని చూశావని నేను అనలేదు, అది వాళ్ళు కలుపుకున్నారు. కలుపుతుంటే కాదనలేదు. ఆ తర్వాత ఆయనే, "మీలాంటి చదువుకున్న సహోదరి యువకులకి ఒక్క సందేశం ఇస్తే పెద్దలకి నచ్చజెప్పడం సులువవుతుంది" అన్నారు. ఏం మాట్లాడాలో కాగితం కూడా వాళ్ళే ఇచ్చారు.

నేను దేవుణ్ణి నమ్ముతాను. ఎముకల్నీ నమ్ముతాను. నా లోపల ఆ రెండూ ఎప్పుడూ పోట్లాడుకోలేదు. వాటిని పోట్లాడించింది ఆ మైకు. కానీ బొమ్మ పూర్తయ్యేదాకా నోరు మూసుకో, నిన్ను బతిమాలుతున్నాను. నీకోసం చేశాను. అందులో పుణ్యం లేదని తెలుసు. అయినా నీకోసమే.

అక్క


పాతలంక,
9 ఫిబ్రవరి 2025

అక్కా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు పని ముట్టుకోలేదు. ఫ్యాను సంగతి నాకు తెలియదు. కోపం పోలేదు, కానీ నోరు మూసుకుందామనే నిర్ణయించుకున్నాను. ఆ మాట ముందు నమ్ము. ఎందుకంటే మొన్న శుక్రవారం నేను నోరు తెరిచాను.

ఉపవాస ప్రార్థన జరుగుతోంది. నేను పరంజా మీద ఉన్నాను. మరియదాసూ వాళ్ళమ్మా బ్లెస్సీని చెరో రెక్కా పట్టుకుని నడిపించుకొచ్చారు. ఎనిమిదో నెల. మొహం గుర్తు పట్టలేనంతగా వాచింది. తల పగిలిపోతోందంటుంది, కళ్ళ ముందు మెరుపులంటుంది. జనం అందరూ మోకాళ్ళ మీద ఉన్నారు.

"అన్నయ్యగారూ, దిగండి. చెయ్యి పెట్టి ప్రార్థన చెయ్యండి" అన్నాడు మరియదాసు.

"ముందు 108కి ఫోన్ చెయ్యవయ్యా" అన్నాను.

"చేద్దామండీ. ముందు మీ చెయ్యి పడనివ్వండి. మీరు ఆయన్ని చూసినవాళ్ళు."

వాళ్ళమ్మ నా కాళ్ళ మీద పడింది. దిగి, ఊరికే చెయ్యి పెట్టేద్దామా అనుకున్నాను, నిజం. పెడితే ఏమవుతుంది? అప్పుడు బ్లెస్సీ నావైపు చూసి, "ఇంక ఆసుపత్రి అక్కర్లేదు కదా అన్నయ్యా" అంది. ఎంత నమ్మకంగా అందో!

నాకు ఒళ్ళు మండిపోయింది. అరిచాను. "నేను ఏ ప్రభువునీ చూడలేదు. నాకు దేవుడు లేడు. మా అక్క మీతో అబద్ధం చెప్పింది. నా చేతిలో రంగు తప్ప ఏమీ లేదు. పడవ తియ్యండి!"

మరియదాసు నన్ను చూసిన చూపు చెప్పలేను. ఆ తర్వాత మాత్రం మెరుపులా కదిలాడు. పడవలో దాటించి, వ్యాన్‌లో అవనిగడ్డ, అక్కణ్ణించి అంబులెన్సులో విజయవాడ పెద్దాసుపత్రి. బీపీ విపరీతంగా ఉందట, ఇంకాస్త ఆలస్యమైతే ఫిట్స్ వచ్చేవన్నారట. ఆపరేషన్ చేశారు. తల్లి బాగుంది. బిడ్డని గాజు పెట్టెలో పెట్టారు.

నిన్ను నడిబజారులో పెట్టాను. వేరే మాట ఆ క్షణంలో దొరకలేదు. మరియదాసు బట్టల కోసం వచ్చాడు, వ్యాన్‌లోనే తిరిగి వెళుతున్నాడు, అతని చేతికే ఇస్తున్నాను. వేరే వాళ్ళ నోట వినకముందే ఇది నీకు చేరాలి.

జక్కి


విజయవాడ,
14 ఫిబ్రవరి 2025

జక్కయ్యా,

దీన్ని పోస్టులో వేస్తున్నాను. నీ దగ్గర్నుంచి ఒక్క ముక్క రాలేదు. రాదు కూడా. ఏమని రాస్తావు?

ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దలు పిలిపించారు. "మీ తమ్ముడు నిండు కూటంలో మిమ్మల్ని అబద్ధాలకోరు అన్నాడటగా అమ్మా" అన్నారు. అవునన్నాను. ఇన్నాళ్ళూ నేను పిల్లలకి చెబుతున్న సండే స్కూల్ అక్కడికక్కడే నా చేతిలోంచి తీసేశారు. నా పిల్లలు, బుడ్డోళ్ళు, గుమ్మంలో నిలబడి టీచర్ టీచర్ అంటున్నారు. ఎవరో వాళ్ళని లోపలికి లాక్కెళ్ళారు.

ఇటు కాలేజీలో ఆ వీడియో అందరి ఫోన్లలోకీ చేరింది. బోర్డు మీద కోతి బొమ్మ వేసి కింద నా పేరు రాశారు. ఫైనలియర్ అమ్మాయి ఒకతి లేచి, "మేడమ్, ఎగ్జామ్‌లో పుస్తకంలో ఉన్నది రాయాలా, మీరు యూట్యూబ్‌లో చెప్పింది రాయాలా?" అని అడిగింది. వెటకారం కాదు. నిజంగానే అడిగింది. డస్టర్ తీసుకుని బోర్డు తుడవడం మొదలుపెట్టాను.

సైన్సు వాళ్ళకి నేను మూఢురాలిని. భక్తులకి దొంగని. నేను బతిమాలాను కదరా, బొమ్మ అయ్యేదాకా అని. వీడియో మీద కసి తీర్చుకున్నావు. నీకు నిజం అంత ముద్దయితే నీ నిజం నువ్వు చెప్పుకో, మధ్యలో ‘మా అక్క’ ఎందుకు?

ఇక ఉత్తరాలు రాయకు.

ఎలిజబెత్


విజయవాడ,
23 ఫిబ్రవరి 2025

జక్కీ,

నీ తొమ్మిదో తారీకు ఉత్తరం ఇవాళ అందింది. ఆసుపత్రి హడావుడిలో మరియదాసు వ్యాన్ సీటు కింద పడిపోయిందట. ఇవాళ తుడుస్తుంటే దొరికిందని షాపులో ఇచ్చి, మీ బావ మొహం కూడా చూడకుండా వెళ్ళిపోయాడు.

చదివి అన్నం వండుకుని ఆసుపత్రికి వెళ్ళాను. బ్లెస్సీ లేచి కూర్చుంటోంది. ఆడపిల్ల. గాజు పెట్టెలో ఉడత పిల్లలా ఉంది. బ్లెస్సీ నన్ను, "అక్కగారూ, ఎందుకు అలా చెప్పారండీ? అన్నయ్య ప్రభువుని చూశాడనుకునే కదా నేను నెల రోజులు బీపీ మాత్రలు మానేశాను" అంది.

ఆ మాట తర్వాత నేను నీకు ఏం రాయగలను? నువ్వు చేసింది సరైనదే. నేను అనుకున్నట్టు కసితో కాదు. అది ఒప్పుకుంటున్నాను. అయినా నాకు చల్లారలేదు. నిండు జనంలో నన్ను విసిరేసినవాడు నేను నా చేత్తో ఎత్తుకుని పెంచినవాడు. అది సరైన పని కావడం వల్ల దెబ్బ చిన్నదైపోదు.

కొన్నాళ్ళు నన్ను వదిలెయ్యి.

అక్క


పాతలంక,
20 ఏప్రిల్ 2025

అక్కా,

వదిలెయ్యమన్నావు, వదిలేశాను. ఇవాళ వదల్లేను.

ఆ ఉపవాస ప్రార్థన గొడవ తర్వాత పని ఆపమన్నారు. వారం తిరక్కుండా పాస్టర్ గారే వచ్చి, "పూర్తి చెయ్యండి బాబూ, కళ కళే" అన్నారు. ఎంత పెద్దమనసో అనుకున్నాను. మొహం కూడా వచ్చేసింది. ఎక్కణ్ణించి వచ్చిందో అడక్కు, చూస్తూ వేస్తూ ఉంటే వచ్చింది. నా జన్మలో ఇంత బాగా నేను వెయ్యలేదు. దేవుడి సాయం లేకుండానే.

ఇవాళ ఈస్టర్, మందిర ప్రతిష్ఠ. కానుక ఇద్దామనుకుంటే నా చేతిలో ఏమీ లేదు గానీ, చూద్దామని వెనక వరసలో నిలబడ్డాను. మందిరం బయట ఇంత ఎత్తు ఫ్లెక్సీ. దాని మీద నా ఫోటో. గోడ ముందు మోకాళ్ళ మీద ఉన్నాను, తల వంచి. కింద: ‘నాస్తికుణ్ణి మోకరింపజేసిన క్రీస్తు.’ ఎప్పుడు తీశారో తెలియదు. బొమ్మ అడుగున ఏటి నీళ్ళు వేస్తున్నాను అక్కా! గోడ అడుగు భాగం మోకాళ్ళ మీద కూర్చోక తలకిందులుగా వేస్తానా?

లోపల పాస్టర్ గారు చెబుతున్నారు. "మొండివాడు. నిండు సభలో దేవుడు లేడని అరిచాడు. కానీ ప్రభువు మొహం గీసిన రోజున కూలిపోయాడు. నమ్మకం లేకుండా ఇంతటి బొమ్మ ఏ మనిషైనా వెయ్యగలడా, మీరే చూడండి." జనం చూశారు. ఏడ్చారు. నేను కాదని అరుద్దామని నోరు తెరిచాను. పక్కనున్న ముసలాయన నా భుజం తట్టి, "ఏడవండి బాబూ, ఏడవండి" అన్నాడు.

కాదన్నా సాక్ష్యమే, ఔనన్నా సాక్ష్యమే. బాగా వేస్తే దేవుడు వేయించాడు. చెడగొట్టి ఉంటే నేను నమ్మనివాణ్ణి కాబట్టి చెడింది. ఇంక నాది అనేది ఏమిటి?

మీ మందిరం దగ్గర విజయవాడలో కూడా ఇదే ఫ్లెక్సీ కట్టారట. నీకు సండే స్కూల్ తిరిగి ఇస్తున్నారని కూడా విన్నాను. ఒకసారి తల ఊపినదానివి. ఈసారీ ఊపి ఉంటావు. ఎంతకి, అక్కా?

జక్కయ్య


విజయవాడ,
4 మే 2025

జక్కీ,

ఈస్టర్‌కి ముందే పాస్టర్ గారు ఇంటికి వచ్చారు. ఆ ఫోటో చూపించారు. "అమ్మా, మీరు మొదట చెప్పిందే చివరికి నిజమైంది. ఒక్క మాట లేచి సాక్ష్యం చెప్పండి. సండే స్కూల్ మీదే, పిల్లలు కూడా అడుగుతున్నారు" అన్నారు. కాఫీ ఇచ్చి ఆలోచిస్తానన్నాను. నిజంగానే ఆలోచించాను. అది నీకు తెలియాలి.

మొన్న ఆదివారం సాక్ష్యాల వేళ లేచాను. మైకు ఇచ్చారు. "మా తమ్ముడు మోకరించలేదండీ. గోడ అడుగున నీళ్ళ బొమ్మ వేస్తున్నాడు. వాడికి దేవుడు లేడు. ఆ బొమ్మ వాడి కంటితో, వాడి చేత్తో వేశాడు. మారాడని మొదట చెప్పింది నేను, అది అబద్ధం. యువజన కూటంలో పరిణామం గురించి చెప్పింది కూడా అబద్ధం. దేవుడి పేరు మీద అబద్ధం చెప్పాను కాబట్టి దేవుడి ఎదుటే" అంటుండగా మైకు ఆగిపోయింది. క్వయర్ వాళ్ళని పాట ఎత్తుకోమన్నారు. నేను మాట్లాడుతూనే ఉన్నాను. పాటలో ఎవరికీ వినబడలేదు. క్రిస్టినా లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది. మీ బావ మాత్రం ఆశీర్వాదం అయ్యేదాకా లోపలే కూర్చున్నారు. ఆయన్ని తప్పుపట్టను. ఆయన చుట్టాలంతా అక్కడే.

మర్నాడు క్లాసులో బోర్డు మీద గబ్బిలం రెక్క, తిమింగలం తెడ్డు, మనిషి చెయ్యి వేశాను. నీ అంత బాగా రాలేదు. "నేను తప్పు చెప్పాను, పుస్తకంలో ఉన్నది రాయండి" అన్నాను. ఎవరూ నవ్వలేదు. ఆ ఫైనలియర్ అమ్మాయి మాత్రం అడిగింది, "మరి మీరు దేవుణ్ణి నమ్ముతారా మేడమ్?" నమ్ముతానన్నాను.

ఇదంతా చేసి ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి నీ ఉత్తరం. ‘ఎంతకి, అక్కా?’

దేవుణ్ణి నమ్మకపోతే పోనీ జక్కీ. ఒకసారి తల ఊపినందుకు నేను జన్మంతా ఊపుతూనే ఉంటాననుకున్నావు. పాస్టర్ గారు నీ గురించి ఏం చేశారో, నువ్వు నా గురించి అదే చేశావు. ముందే కథ రాసేసుకుని నా మొహం అందులో అతికించావు.

గురువారం కాలేజీకి సెలవు పెట్టి పాతలంక వెళ్ళాను. నువ్వు ఊళ్ళో లేవు, మచిలీపట్నంలో ఏదో పని దొరికిందని బ్లెస్సీ చెప్పింది. నీకు చెప్పకుండా వెళ్ళాలనే వెళ్ళాను. మరియదాసు మందిరం తలుపు తీసి, తను లోపలికి రాకుండా గట్టు మీద కూర్చున్నాడు.

చూశాను.

ఇన్నేళ్ళూ నీతో వాదించాను, వంగనివాడు పెద్ద పని చెయ్యలేడని. ఓడిపోయానని రాయాలేమో. కానీ అక్కడ నిలబడితే వాదన ఏదీ గుర్తు రాలేదు. వాళ్ళన్నట్టు అది నిన్ను దేవుడు వాడుకున్న బొమ్మా? నువ్వన్నట్టు కన్నూ చెయ్యీ మాత్రమేనా? నాకు తెలియదు, ఎవరైనా తెలుసంటే వాళ్ళతో మాట్లాడబుద్ధి కాదు. నాకు తెలిసిందల్లా, మందిరం నుంచి నన్ను బయటికి తెచ్చాక మొదటిసారి ప్రార్థన వచ్చింది. చల్లటి గచ్చు మీద కూర్చుని చేశాను. చాలాసేపు చేశాను. క్రిస్టినా పేరు, బ్లెస్సీ పిల్ల పేరు, మీ బావ పేరు వచ్చాయి. నీ పేరు వస్తుంటే పెదాలు బిగబట్టాను. అయినా వచ్చింది.

క్షమించానని అనుకోకు. ఇంకా లేదు.

అక్క